క్యామ్రీ ఎక్స్‌ఎస్‌ఈయా, అకార్డ్ హైబ్రిడ్ స్పోర్టా? మొదట చక్రాల సైజు చూడండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డల్లాస్ దగ్గర ఫ్రిస్కోలో ఇల్లు, ఇర్వింగ్ లాస్ కొలీనాస్‌లో ఆఫీసు, ఒకవైపు 25 మైళ్లు, వారానికి ఐదు రోజులు. ఇంట్లో నాలుగేళ్ల పాప. గుంటూరు నుంచి అమ్మానాన్నలు ఏటా వచ్చి ఆర్నెల్లు ఉంటారు. ఇప్పుడున్న పాత కారు గ్యాలన్‌కి 25 మైళ్లు ఇస్తోంది. కొత్తది హైబ్రిడ్ (ఇంజిన్‌తో పాటు ఎలక్ట్రిక్ మోటార్ కూడా ఉండే) సెడానే కావాలి, పికప్ బాగుండాలి, మైలేజ్ కూడా రావాలి. టయోటా క్యామ్రీ ఎక్స్‌ఎస్‌ఈ, హోండా అకార్డ్ హైబ్రిడ్ స్పోర్ట్, హోండా సివిక్ హైబ్రిడ్, ఈ మూడింట్లో ఏది తీసుకోవాలని అడిగారు. చివర్లో "పవర్ కోసం ఎక్స్‌ఎస్‌ఈ వైపే మొగ్గుతున్నాను" అన్నారు. ఆ ఒక్క మాట చూసే ఇంత పొడుగు జవాబు రాస్తున్నాను.

ఎక్స్‌ఎస్‌ఈలో అదనంగా పవర్ ఏమీ లేదు. 2025 మోడల్ నుంచి క్యామ్రీ అన్నీ హైబ్రిడ్‌లే. అన్నింటిలో అదే 2.5 లీటర్ల ఇంజిన్, అదే మోటార్. ముందు చక్రాలతో నడిచే కారైతే 225 హార్స్‌పవర్, నాలుగు చక్రాలతో నడిచేదైతే 232. అన్నిటికంటే చవకైన ఎల్‌ఈ కొన్నా అదే 225, పైనున్న ఎక్స్‌ఎస్‌ఈ కొన్నా అదే 225. మారేది మైలేజ్. ఎల్‌ఈకి ఈపీఏ (అమెరికా ప్రభుత్వ పర్యావరణ సంస్థ) ఇచ్చిన అంకె సిటీ, హైవే కలిపి గ్యాలన్‌కి 51 మైళ్లు, ఎక్స్‌ఎస్‌ఈకి 47. ఈ నాలుగు మైళ్లు ఎక్కడికి పోయాయంటే ప్రధానంగా చక్రాల్లోకి. ఎల్‌ఈకి 16 అంగుళాల చక్రం మీద 205 వెడల్పు టైరు. ఎక్స్‌ఎస్‌ఈకి 19 అంగుళాల చక్రం మీద 235 వెడల్పు టైరు. వెడల్పాటి బరువు టైరును దొర్లించడానికి ఎక్కువ శక్తి కావాలి, గాలికి కూడా అది ఎక్కువ అడ్డు పడుతుంది. బంపర్ డిజైన్, సస్పెన్షన్, సీట్లు వేరే. అవి బాగుంటాయి, కాదనను. మలుపుల్లో గట్టిగా పట్టుకుని వెళ్లేది కూడా ఎక్స్‌ఎస్‌ఈయే. ఆ అందం, ఆ పట్టు కావాలనుకుంటే సంతోషంగా కొనండి. పవర్ కోసం మాత్రం ఒక్క డాలర్ కూడా ఎక్కువ పెట్టకండి.

అకార్డ్‌లోనూ ఇదే కథ. హైబ్రిడ్ ట్రిమ్‌లన్నిటికీ (ట్రిమ్ అంటే ఒకే మోడల్‌లో ఎల్‌ఈ, ఎక్స్‌ఎస్‌ఈ లాంటి రకం) 204 హార్స్‌పవరే. 17 అంగుళాల చక్రాలున్న ఈఎక్స్-ఎల్‌కి సిటీలో 51, హైవేలో 44, కలిపి 48. 19 అంగుళాల చక్రాలున్న స్పోర్ట్‌కి 46, 41, కలిపి 44. పేరులో స్పోర్ట్ అని ఉంది కాబట్టి ఇంజిన్‌లో ఏదో ఎక్కువ ఉంటుందనుకోవడం సహజం. నేను కూడా 2018 మోడల్ క్యామ్రీ హైబ్రిడ్ కొనేటప్పుడు పైట్రిమ్ దగ్గర చాలాసేపు ఆగాను. ఆ తరంలో తేడా ఇంకా ఎక్కువ: ఎల్‌ఈకి 52, పైట్రిమ్‌లకి 46. ఎల్‌ఈ తీసుకున్నాను. ఇన్నేళ్లలో ఒక్కసారి కూడా బాధపడలేదు.

కాబట్టి మీరు అడిగిన ప్రశ్నను కొంచెం తిప్పి చూడాలి. ఏ కంపెనీ కారు అన్నది రెండో ప్రశ్న. ఏ ట్రిమ్ అన్నది మొదటిది. క్యామ్రీ ఎల్‌ఈకి, అకార్డ్ ఈఎక్స్-ఎల్‌కి మధ్య తేడా మూడు మైళ్లు. ఒకే అకార్డ్‌లో రెండు ట్రిమ్‌ల మధ్య తేడా నాలుగు.

ఇంకో అపోహ కూడా ఇక్కడే తీసేద్దాం. పవర్ ఎక్కువైతే మైలేజ్ తగ్గుతుందనేది మనందరికీ చిన్నప్పటి నుంచి తలకెక్కిన లెక్క. మామూలు పెట్రోల్ కార్లలో అది చాలావరకు నిజమే. హైబ్రిడ్‌లలో ఆ లెక్క నిలవదు. కొరోలా హైబ్రిడ్‌కి 138 హార్స్‌పవర్, ముందు చక్రాల ఎల్‌ఈకి కలిపి 50. అంతకంటే పెద్దదైన, 225 హార్స్‌పవర్ ఉన్న క్యామ్రీ ఎల్‌ఈకి 51. ఇప్పటి ప్రియస్‌కి 194 హార్స్‌పవర్, ఎల్‌ఈ ట్రిమ్‌కి 57 (అది వెనక తలుపు పైకి లేచే హ్యాచ్‌బ్యాక్, మీరు సెడాన్ అన్నారు కాబట్టి పక్కన పెట్టాను). అంటే తక్కువ పవర్ కారు కొంటే గ్యాస్ (పెట్రోల్) డబ్బు మిగులుతుందని కొరోలాకో, 139 హార్స్‌పవర్ ఎలాంట్రా హైబ్రిడ్‌కో దిగాల్సిన పని లేదు. ధర కోసం దిగితే అది వేరే మాట.

ఎప్పుడూ ఇలా ఉండేది కాదు. 2005 మోడల్‌గా హోండా ఒక అకార్డ్ హైబ్రిడ్ తెచ్చింది. 3 లీటర్ల వీ6 (ఆరు సిలిండర్ల) ఇంజిన్‌కి మోటార్ తగిలించి 255 హార్స్‌పవర్ చేసింది. అప్పటికి అకార్డ్‌లలో అదే బలమైనది. కానీ హైబ్రిడ్ కొనేవాళ్లు మైలేజ్ కోసం వచ్చారు, పవర్ కావాలనుకున్నవాళ్లు అంతకంటే చవకగా మామూలు వీ6 తీసుకున్నారు. 2007తో దాన్ని ఆపేశారు. ఇప్పుడు చూడండి, 301 హార్స్‌పవర్ వీ6 ఉన్న క్యామ్రీనే 2024తో ఆపేసి, టయోటా మొత్తం లైనప్‌ని హైబ్రిడ్ చేసింది. 225 చాలని మార్కెట్టే తేల్చేసింది.

ఇక ఆ హార్స్‌పవర్ అంకెను ఎలా చదవాలో చెప్తాను, ఎందుకంటే మూడు కార్లలో పవర్ వచ్చే తీరు వేరు. క్యామ్రీలో ఇంజిన్ 184, మోటార్ 134. రెండూ కలిపితే 318 రావాలి కదా, 225 అని ఎందుకు రాశారు? రెండూ తమ పూర్తి బలం ఒకే క్షణంలో చూపించలేవు. మోటార్‌కి కరెంట్ ఇచ్చే బ్యాటరీ చిన్నది, అది ఒక్కసారిగా ఇవ్వగలిగినంతే మోటార్ అదనంగా తోడవుతుంది. అకార్డ్‌లో ఇంజిన్ 146, మోటార్ 181, కలిపి 204. సివిక్‌లో ఇంజిన్ 141, మోటార్ అదే 181, కలిపి 200.

ఈ అంకెల్లోనే రెండు కంపెనీల పద్ధతి కనిపిస్తుంది. టయోటాలో ఇంజిన్ పెద్దన్న, మోటార్ తమ్ముడు. మధ్యలో ప్లానెటరీ గేర్ ఒకటి ఉండి, ఇంజిన్ బలంలో కొంత చక్రాలకు, కొంత జనరేటర్‌కు పంచుతుంది. హోండాలో ఇది తలకిందులు. అక్కడ చక్రాల్ని తిప్పేది ముఖ్యంగా మోటారే. ఇంజిన్ ఎక్కువసేపు జనరేటర్‌లా కరెంట్ తయారు చేస్తుంది. ఫ్రీవే మీద స్థిరంగా వెళ్తున్నప్పుడు ఒక క్లచ్ పడి ఇంజిన్ నేరుగా చక్రాలకు కలుస్తుంది. 2022లో మన దేశంలో వచ్చిన హోండా సిటీ హైబ్రిడ్ కూడా ఇదే పద్ధతి, ఇంజిన్ మాత్రం 1.5 లీటర్లది. హైదరాబాద్‌లో మీవాళ్లెవరి దగ్గరైనా ఆ కారు ఉంటే, సిగ్నల్ దగ్గర బండి కదిలే తీరు అడిగి చూడండి. అకార్డ్ నడిచేదీ అలాగే.

నడిపేటప్పుడు ఇది ఎలా తెలుస్తుందంటే, అకార్డ్ మోటార్‌కి 247 పౌండ్-ఫీట్ టార్క్ (చక్రాన్ని తిప్పే బలం) ఉంది, సివిక్‌కి 232. మోటార్ కాబట్టి కాలు పెట్టగానే వస్తుంది. సిగ్నల్ దగ్గర నుంచి 40 వరకు హోండా రెండూ చాలా హాయిగా దూకుతాయి. సివిక్ క్యామ్రీ కంటే రెండు మూడు వందల పౌండ్లు తేలిక, అందుకే 200 హార్స్‌పవర్‌తోనే అది మూడింట్లో చురుకైనదిగా అనిపిస్తుంది. మా ఇంట్లో రెండు పద్ధతులూ ఉన్నాయి. నాది ఆ 2018 క్యామ్రీ, మా ఆవిడది 2023 అకార్డ్ ఈఎక్స్-ఎల్. ఊళ్లో తిరగడానికి తాళం చేతికి దొరికితే నేను అకార్డ్‌దే తీస్తాను. హూస్టన్ వెళ్లాలంటే ఇద్దరం క్యామ్రీయే ఎక్కుతాం.

మీరు కొలరాడో వెళ్లేటప్పుడు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి కూడా ఒకటి ఉంది. డల్లాస్ నుంచి డెన్వర్ వైపు కారులో వెళ్లని తెలుగు కుటుంబం తక్కువ. ఐ-25 హైవే మీద రాటన్ పాస్ అనే కొండ దారి ఎత్తు 7,800 అడుగుల పైమాటే. కారులో ఐదుగురు, డిక్కీ నిండా సామాన్లు, ఎత్తు మీద ఎత్తు. ఈ కార్ల బ్యాటరీ ఒక కిలోవాట్ అవర్ చుట్టుపక్కలే ఉంటుంది. పూర్తి ఎలక్ట్రిక్ కార్లలో 60, 70 ఉంటాయి, దాంతో పోలిస్తే ఇది చెంచాడు. ఆగకుండా ఎత్తు ఎక్కుతుంటే ఆ చెంచాడు కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. ఆ తర్వాత మీకు మిగిలేది 225 కాదు, 204 కాదు, ఇంజిన్ ఒక్కటే. అందులోనూ టర్బో (ఇంజిన్‌లోకి గాలిని నెట్టే పరికరం) లేని ఇంజిన్‌కి ప్రతి వెయ్యి అడుగులకీ సుమారు మూడు శాతం బలం తగ్గుతుంది. అక్కడ 184 ఇంజిన్ ఉన్న క్యామ్రీకి, 146 ఇంజిన్ ఉన్న అకార్డ్‌కి తేడా చెవికి కూడా తెలుస్తుంది. అకార్డ్ ఎక్కలేదని కాదు, బాగానే ఎక్కుతుంది. గట్టిగా అరుస్తూ ఎక్కుతుంది. కాగితం మీద 21 హార్స్‌పవర్ తేడా అనుకున్నది కొండ మీద 38 అవుతుంది. మీరు నిజంగా పవర్ కోసమే చూస్తుంటే, చూడాల్సిన అంకె ఇది.

అయితే ఏడాదికి ఒకసారి ఎక్కే కొండ కోసం కారు కొనరు. మీ రోజువారీ దారి చూద్దాం. 121 హైవే మీదో, టోల్‌వే మీదో ఎక్కడం, గంటకు 70 మైళ్ల దగ్గర స్థిరంగా వెళ్లడం, 635 ఫ్రీవే దగ్గరో 35 ఫ్రీవే దగ్గరో ట్రాఫిక్‌లో పాకడం. ర్యాంప్ మీద 40 నుంచి 70కి వెళ్లడానికి ఈ మూడింట్లో ఏదైనా ధారాళంగా సరిపోతుంది. మీ పాత కారుతో టెన్షన్ పడి ఎక్కిన ర్యాంప్‌లన్నీ వీటితో మామూలుగా అయిపోతాయి. నాకు ఈ విషయంలో అనుమానమే లేదు.

మైలేజ్‌కి వస్తే మీది ఎక్కువగా ఫ్రీవే. అందుకని కలిపి వచ్చే అంకె కంటే హైవే అంకె మీకు ముఖ్యం. ఈపీఏ కలిపిన అంకెలో సిటీకి 55 శాతం, హైవేకి 45 శాతం వెయిట్ ఇస్తారు, మీ వాడకం అందుకు తిరగబడి ఉంది. క్యామ్రీ ఎల్‌ఈకి హైవేలో 50, సివిక్ హైబ్రిడ్ సెడాన్‌కి 47, అకార్డ్ ఈఎక్స్-ఎల్‌కి 44, అకార్డ్ స్పోర్ట్‌కి 41. సిటీలో దాదాపు సమానంగా ఉన్న క్యామ్రీ, అకార్డ్‌ల మధ్య హైవేలో ఆరు మైళ్ల తేడా వచ్చింది చూశారా? కొత్త కారు అద్దానికి అంటించే స్టిక్కర్ మీద పెద్ద అక్షరాల్లో ఉండేది కలిపిన అంకె. మీకు కావాల్సింది పక్కన చిన్నగా ఉంటుంది.

పైగా ఈపీఏ మూల హైవే పరీక్షలో సగటు వేగం గంటకు 48 మైళ్లే. తర్వాత కొంత తగ్గించే స్టిక్కర్ మీద వేస్తారు గానీ, డల్లాస్‌లో 75 మీద వెళ్లే మనకు అంతా రాదు. గాలి అడ్డు వేగంతో పాటు మామూలుగా పెరగదు, వేగం రెట్టింపైతే అది నాలుగింతలు అవుతుంది. మా అకార్డ్ 65 మీద వెళ్తే చెప్పిన మైలేజ్ ఇస్తుంది, 78 మీద పెడితే 39, 40కి దిగుతుంది. ఏ హైబ్రిడ్‌కైనా అంతే. ఫ్రీవే మీద హైబ్రిడ్ మాయ తక్కువ, ఎందుకంటే బ్రేక్ వేసినప్పుడు వెనక్కి దాచుకునే శక్తి అక్కడ ఉండదు.

ఇప్పుడు డబ్బు. మైలేజ్ అంకెలు చూసి మనం పొరపడేది ఇక్కడే, అందుకే గ్యాలన్లలోకి మార్చి చూడాలి. ఏడాదికి 15,000 మైళ్లు, గ్యాలన్ మూడు డాలర్లు అనుకుందాం. మీ పాత కారు 25తో 600 గ్యాలన్లు తాగుతోంది. 51 ఇచ్చే కారు 294 తాగుతుంది, 47 ఇచ్చేది 319. అంటే పాత కారు నుంచి ఏ హైబ్రిడ్‌కి మారినా ఏడాదికి 850 డాలర్లు అటూఇటూగా మిగులుతాయి. హైబ్రిడ్‌కి హైబ్రిడ్‌కి మధ్య ఈ నాలుగు మైళ్ల తేడా ఏడాదికి 25 గ్యాలన్లు, 75 డాలర్లు. పూర్తిగా హైవే అంకెతో లెక్కేసినా క్యామ్రీ ఎల్‌ఈకి 300 గ్యాలన్లు, అకార్డ్ స్పోర్ట్‌కి 366. రెండు వందల డాలర్ల లోపే. లాభంలో ఎక్కువ భాగం 25 నుంచి 45కి వచ్చేటప్పటికే మీ జేబులో పడిపోయింది.

కాబట్టి మైలేజ్‌లో మూడు నాలుగు మైళ్ల కోసం మీకు ఇరుకైన కారు కొనకండి. అలాగే ట్రిమ్ ధర మర్చిపోకండి. 2025 మోడల్ వచ్చినప్పుడు క్యామ్రీ ఎల్‌ఈ 28,400 డాలర్ల దగ్గర మొదలైంది, ఎక్స్‌ఎస్‌ఈ 34 వేలు దాటింది. ఆరు వేల డాలర్లు ఎక్కువ పెట్టి, అదే పవర్, తక్కువ మైలేజ్. తర్వాత 19 అంగుళాల టైర్లు మార్చాల్సి వచ్చినప్పుడు ఇంకో ఖర్చు. వాటి పక్కగోడ పలచన, మన రోడ్ల గుంతల్లో రిమ్ వంగే అవకాశం ఎక్కువ.

టైర్ల మాట వచ్చింది కాబట్టి నా అనుభవం. క్యామ్రీకి మొదటి సెట్ టైర్లు అరిగాక షాపులో చవకగా ఉన్నాయని ఏవో వేయించాను. ఆ నెల నుంచే మైలేజ్ మూడు నాలుగు మైళ్లు పడిపోయింది. బ్యాటరీ పోతోందేమోనని భయపడ్డాను. తీరా చూస్తే టైర్లే. దొర్లడానికి తక్కువ శక్తి తీసుకునే రకం టైర్లని అడిగి వేయించుకోవాలి. ఆ తప్పు మీరు చేయకండి.

మీ ఇంటి సంగతి. ఆర్నెల్లపాటు వెనక సీట్లో అమ్మానాన్నలు, మధ్యలోనో పక్కనో పాప కార్ సీటు. ఇక్కడ అకార్డ్‌కి గట్టి బలం ఉంది. వెనక కాళ్లకు 40.8 అంగుళాల జాగా, క్యామ్రీలో 38, సివిక్‌లో 37.4. డిక్కీ కూడా అకార్డ్‌దే పెద్దది, 16.7 ఘనపుటడుగులు; క్యామ్రీ 15.1, సివిక్ 14.8. ఇద్దరు మనుషులు ఇండియా నుంచి దిగితే 23 కిలోల సూట్‌కేసులు నాలుగు, చేతి సంచులు రెండు, పచ్చళ్ల డబ్బా ఒకటి. అకార్డ్‌లో మేం నాలుగూ పట్టించాం, కాస్త కుస్తీ పట్టాక. సివిక్ మంచి కారు, పెళ్లికాని కుర్రాడికో, భార్యాభర్తలిద్దరికో అయితే కళ్లు మూసుకుని చెప్తాను. మీ ఇంటికి వద్దు.

నాలుగు చక్రాల క్యామ్రీ కూడా డల్లాస్‌లో అక్కర్లేదు. ఏడాదికి ఒకటి రెండు రోజులు ఐస్ పడుతుంది, ఆ రోజు ఏ చక్రాలున్నా ఇంట్లో ఉండటమే మంచిది. సొనాటా హైబ్రిడ్ గురించి మీరు అడగలేదు గానీ ఒక మాట: 192 హార్స్‌పవర్, మామూలు ఆరు గేర్ల ఆటోమేటిక్ ఉంటుంది. మిగతా వాటిలా ఇంజిన్ శబ్దం ఒకచోట నిలబడి అరవడం నచ్చనివాళ్లకి అది బాగుంటుంది. హైవే మైలేజ్ సిటీ కంటే ఎక్కువ రావడం దాని ప్రత్యేకత. డ్రైవ్ చేసి చూడటంలో నష్టం లేదు.

హైబ్రిడ్ బ్యాటరీ భయం ఉంటే వదిలేయండి. టయోటా బ్యాటరీకి 10 ఏళ్లు లేదా 150,000 మైళ్లు వారంటీ ఇస్తుంది, హోండా 8 ఏళ్లు లేదా 100,000 మైళ్లు. ఇబ్బంది పెట్టేది ఆ పెద్ద బ్యాటరీ కాదు, 12 వోల్టుల చిన్నది. ఒక వేసవిలో ఐదు వారాలు ఇండియా వెళ్లి వచ్చాం. తెల్లవారుజామున ఎయిర్‌పోర్ట్ నుంచి ఇంటికొచ్చి, పాల కోసం బయల్దేరదామంటే కారు తలుపు కూడా తెరుచుకోలేదు. చిన్న బ్యాటరీ చచ్చిపోతే హైబ్రిడ్ అసలు మేల్కోదు. అప్పటి నుంచి ఊరెళ్తే తాళం పక్కింటివాళ్లకిచ్చి వారానికోసారి అరగంట రెడీ మోడ్‌లో, అంటే కారు ఆన్ చేసి, పెట్టమంటాం. చచ్చిన బ్యాటరీని లేపే చిన్న జంప్ స్టార్టర్ ఒకటి ఇంట్లో ఉంచుకోండి. కారు లోపల పెట్టకండి, తలుపు తెరుచుకోకపోతే అది కూడా లోపలే ఉండిపోతుంది.

ఇన్ని చెప్పాక నా మాట: మీ దారి ఫ్రీవే కాబట్టి, కొండలకు కూడా వెళ్తారు కాబట్టి, నేనైతే క్యామ్రీ ఎల్‌ఈ ముందు చక్రాలది తీసుకుంటాను. మిగిలిన ఆరు వేలు మీ దగ్గరే ఉంటాయి. అమ్మానాన్నల్లో ఎవరికైనా మోకాళ్ల నొప్పులుంటే, వెనక కాళ్లు చాపుకోవడం తప్పనిసరైతే అకార్డ్ ఈఎక్స్-ఎల్, ఏడాదికి వంద నూటపాతిక డాలర్ల గ్యాస్ ఎక్కువైనా సరే. స్పోర్ట్ ట్రిమ్ వద్దు.

టెస్ట్ డ్రైవ్‌కి ఒక్కరే వెళ్లకండి. ఇంటిల్లిపాదీ ఎక్కండి, ఏసీ పూర్తిగా పెట్టండి, డ్రైవ్ మోడ్ నార్మల్‌లోనే ఉంచండి. ఒక ఫ్రీవే ర్యాంప్ మీద కాలు పూర్తిగా నొక్కి 70కి వెళ్లండి. ఆ శబ్దం మీకు, వెనక కూర్చున్నవాళ్లకి పర్వాలేదా చూసుకోండి, రేపు ఐదేళ్లు వినేది అదే. డిక్కీ కింది మూత ఎత్తి స్టెప్నీ ఉందా, గాలి కొట్టే కిట్ మాత్రమే ఇచ్చారా చూడండి. బయల్దేరే ముందు డీలర్‌కి ఫోన్ చేసి 16 అంగుళాల చక్రాల ఎల్‌ఈ లాట్‌లో ఉందా అని అడగండి. చాలాచోట్ల "ఎల్‌ఈ లేదు, ఎక్స్‌ఎస్‌ఈ ఇప్పుడే ఇస్తాం" అంటారు. మీ పాత కారు ఇంకా నడుస్తోంది కదా, రెండు మూడు వారాలు ఆగండి.